అంటు, పురుడు, ఎంగిలి: గర్భిణీరక్షణ విధుల చరిత్రకు ఒక పీఠిక

తెలుగున 'అంటు' అను మాటకు గల అర్థవిస్తృతి మిక్కిలి చిత్రమైనది. నిప్పు అంటుకొనును. తలకు నూనె అంటుదురు. మామిడికి అంటు కట్టుదురు. భోజనానంతరము తోమవలసిన పాత్రలు అంట్లు. మశూచి అంటువ్యాధి. ముట్టు, పురుడు, చావు వలన కలుగు మైల అంటు. మానవుని మానవునికి దూరము చేసిన దురాచారము అంటరానితనము. మొదటి మూడు ప్రయోగములు తాకుటను మాత్రమే తెలుపుచున్నవి. తక్కినవానిలో తాకుటతోపాటు ఒకరినుండి మరియొకరికి ఏదియో సంక్రమించునను భావము చేరియున్నది. సంక్రమించునది దోషమా, రోగమా అను విచికిత్స ఆ మాటలో లేదు. గర్భిణిని గూర్చియు బాలింతను గూర్చియు మన యిండ్లలో నెలకొన్న కట్టుబాట్లు పెక్కు ఈ విచికిత్స లేని పదముమీదనే నిలిచినవి.

ఈ వ్యాసమున మేము విచారింపదలచిన ప్రశ్న యొక్కటే. అంటు ఎవరినుండి ఎవరికి పోవునని పూర్వులు తలచిరి? వైద్యచరిత్ర దానిని ఎటు త్రిప్పినది? ఆచారములు మూఢములనియో, సర్వమును శాస్త్రసమ్మతములనియో తీర్పు చెప్పు వ్యాసములు మనకు కొదవ లేవు. ఆ రెండు మార్గములును మాకు సమ్మతములు కావు. ఆచారమును పట్టి చూడవలసినది దాని దిక్కును, దాని కాలమును అని మా అభిప్రాయము.

మొదట శాస్త్రగ్రంథములను చూతము. ఒకరి రోగము మరియొకరికి సోకునను జ్ఞానము సుశ్రుతునికి స్పష్టముగా గలదు. నిదానస్థానమున కుష్ఠప్రకరణము చివర ఆయన దేహస్పర్శను, నిశ్వాసమును, సహభోజనమును, ఒకే శయ్యను ఒకే ఆసనమును పంచుకొనుటను, పరుల వస్త్రమాల్యములను ధరించుటను పేర్కొని, వీనివలన కుష్ఠము, జ్వరము, శోషము, నేత్రరోగము మున్నగునవి నరునినుండి నరునికి సంక్రమించునని చెప్పినాడు. ఇంతకంటె తేటయైన అంటువ్యాధి లక్షణమును ప్రాచీన వాఙ్మయమున చూపుట కష్టము. కాని అదే గ్రంథమున శారీరస్థానమునకు వచ్చి గర్భిణి వర్జింపవలసినవానిని పరికింపుడు. మలినమైన వారిని తాకరాదు. ఎండినదియు, చద్దిదియు, కుళ్ళినదియునగు అన్నము తినరాదు. పాడుపడిన యిండ్లకును శ్మశానమునకును పోరాదు. జ్వరపీడితుని చెంతకు పోరాదని ప్రత్యేకముగా చెప్పబడలేదు. నిదానస్థానమున వెలిగిన దీపము శారీరస్థానమున వెలుగలేదు. జ్ఞానము ఉండుట వేరు, అది అక్కరగల చోటికి చేరుట వేరు.

చరకుని దృష్టి మరియొక తీరుది. గర్భిణిని అంచులవరకు నూనె నిండిన పాత్రను మోయునట్లు తొణకకుండ కాపాడవలెనని ఆయన ఉపమానము. ఎగుడుదిగుడు ఆసనములు, కుదుపు వాహనములు, లోతైన నూతులలోనికి తొంగిచూచుట, వేగనిరోధము, నిత్యమద్యపానము ఇవి ఆయన నిషేధించినవి. వీనిలో మద్యపానమును నేటి వైద్యులు మరింత గట్టిగా నిషేధింతురు. వెలికిల పరుండిన తల్లి బిడ్డకు బొడ్డుత్రాడు మెడకు చుట్టుకొనుననుట, పందిమాంసము తిన్న తల్లి బిడ్డకు కన్నులు ఎఱ్ఱనగుననుట వంటివి నిలువలేదు. మేము ముఖ్యముగా ఎత్తిచూపదలచినది వేరొకటి. మాసానుక్రమచర్యను చెప్పుచు చరకుడు మొదటి నెలలోనే, గర్భము కలిగినదను శంక పొడమిన మాత్రముననే, స్త్రీ పాలు త్రాగుట మొదలుపెట్టవలెననినాడు. శంకయే చాలును, నిశ్చయము అక్కరలేదు. ఈ 'శంక' అను మాటను పాఠకులు మరువకుందురు గాక. దానితో ముందు పని యున్నది.

సూతికాగారమును గూర్చియు వారు వివరముగా వ్రాసిరి. తొమ్మిదవ నెలకు ముందే దానిని సిద్ధపరుపవలెను. ఎముకలు, గులకలు, పెంకులు లేని నేల కావలెను. అగ్ని, జలము, స్నానశాల, మలమూత్రవిసర్జనకు తావు అందులో అమర్పవలెను. ప్రసవమునకు తోడ్పడు నలుగురు వృద్ధస్త్రీలు గోళ్ళు కత్తిరించుకొన్నవారై యుండవలెనని సుశ్రుతుడు విధించెను. ఈ చిన్నమాటను వ్యాఖ్యానములు చదువు విద్యార్థులు సులభముగా దాటిపోవుదురు. దానిలో గల దిక్కును గమనింపుడు. ఇచట అపాయము పోవునది పరిచారిక చేతినుండి ప్రసూతికి.

ఇంటి ఆచారమున ఈ దిక్కు తారుమారైనది. పురుడు వచ్చిన యింట పది దినములు మైల. ఆ మైల బాలింతనుండి యింటికి, యింటినుండి దాయాదులకు వ్యాపించును. ఆమెను తాకినవారు స్నానము చేయవలెను. ఆమె గదిలోని గుడ్డలను చాకలి కొనిపోవలెను. కాపాడబడువారు తక్కినవారు, దూరముంచబడునది ఆమె. ఫలితముగా కొన్ని మేలులు కలిగినవనుటను మేము కాదనము. పది దినములు పదిమంది చేతులు శిశువును తాకకపోవుట లాభమే. కాని ఆ గది సాధారణముగా యింటిలో మిక్కిలి చీకటిదియు గాలిసోకనిదియునగు మూలగది. మైలపడునను భయమున మంచి గుడ్డ, మంచి చాప అచటికి పోవు. ఆమెను తాకుటకు అధికారము గలది మంత్రసాని. ఆ పని పెక్కుచోట్ల మంగలి స్త్రీలది. ఆమె స్నానము చేయవలసినది పురుడు పోసిన తరువాత. పోయుటకు ముందు చేతులు కడుగుకొనవలెనను నియమము మైలశాస్త్రమున పుట్టుటకు అవకాశమే లేదు.

ఐరోపాఖండము వారు మనకంటె వివేకులై యుండిరని తలపరాదు. స్కాట్లండున అబర్డీను నగరమున 1789 చివరనుండి 1792 వరకు సూతికాజ్వరము ప్రబలగా అలెగ్జాండరు గోర్డను అను వైద్యుడు రోగిణుల పట్టిక వ్రాసి, ఒక్కొక్కరి పేరునకెదురుగా పురుడు పోసినవారి పేరు చేర్చెను. జ్వరము వీధులను పట్టి పోవుటలేదనియు, మంత్రసానుల చేతులను పట్టి పోవుచున్నదనియు ఆ పట్టికయే పలికినది. తానును కొందరికి దానిని కొనిపోయితినని 1795లో ప్రకటించిన గ్రంథమున ఆయన ఒప్పుకొనెను. ఊరివారు ఆయనను ద్వేషించిరి. వియన్నా నగరమున సెమ్మెల్వైసు 1847లో విద్యార్థులచేత క్లోరిను నీటితో చేతులు కడిగించిన కథ సుప్రసిద్ధము. అంతకుముందు 1846లో ఆ విభాగమున నూటికి 11 మందికి మించి తల్లులు మరణింపగా, 1848లో నూటికి ఒకరికి కొంచెము మించి మాత్రమే మరణించిరి. అంటు తల్లినుండి లోకమునకు గాక లోకమునుండి తల్లికి పోవుననుట ఈ యిద్దరు స్థాపించిన సత్యము. గోళ్ళు కత్తిరింపుమన్న సుశ్రుతుని వాక్యమునకు ఇది సంఖ్యలతో వ్రాసిన వ్యాఖ్యానమువలె నున్నది.

మన ప్రాంతమున ఈ దిక్కుమార్పునకు గుర్తుగా నిలిచినది పురిటి ధనుర్వాతము. బొడ్డు కోసిన కత్తివలనను, దానిపై నద్దిన బూడిద పేడలవలనను శిశువునకు వచ్చు ఆ వ్యాధిని నివారించుటకు గర్భిణికే టీకా వేయుదురు; ఆమె రక్తమున పుట్టిన రక్షణ బిడ్డకు చేరును. తల్లినుండి బిడ్డకు పోవునది దోషము మాత్రమే కాదు, రక్షణయు పోవును. 2003లో ఈ వ్యాధి నిర్మూలనము ధ్రువపడిన మొదటి రాష్ట్రము నాటి ఆంధ్రప్రదేశము. దేశమంతటికి అది 2015లో సాధ్యమైనది.

ఇంతవరకు ప్రసవకాలమును గూర్చిన మాట. గర్భమందలి తొలిమాసముల కథ ఇంతకంటె గూఢమైనది. దాని నాయకుడు ఒక కంటివైద్యుడు.

1941లో సిడ్నీ నగరమున నార్మన్ మెక్అలిస్టరు గ్రెగ్గు అను నేత్రవైద్యునికడకు పుట్టుకతోనే కంట శుక్లము గల శిశువులు అసాధారణమైన సంఖ్యలో రాసాగిరి. శుక్లము వంశమున వచ్చుట గలదు. కాని ఇందరు ఒక్కసారి రారాదు. ఆయన గది వెలుపల వేచియున్న యిరువురు తల్లులు తమకు గర్భారంభమున వచ్చిన జ్వరమును గూర్చి మాటలాడుకొనుచుండగా ఆయన చెవిని పడినదని చెప్పుదురు. ఆ జ్వరము రుబెల్లా. 1940లో ఆస్ట్రేలియాయందు అది విరివిగా వ్యాపించియుండెను. గ్రెగ్గు తోడి వైద్యులకు వ్రాసి తెప్పించిన వివరములతో కలిపి 78 మంది శిశువుల చరిత్రలను సమకూర్చెను; అందు 13 మంది మాత్రమే తన సొంత రోగులు. 68 మంది తల్లులకు గర్భమున రుబెల్లా వచ్చినట్లు తేలెను, అదియు ఎక్కువగా మొదటి రెండు నెలలలో. శిశువులలో సగముకంటె ఎక్కువమందికి గుండె లోపము గూడ గలదు. 1941 అక్టోబరు 15న మెల్బోర్ను నగరమున ఆయన ఈ ప్రసంగమును చదివెను.

లోకము వెంటనే నమ్మలేదు. అడిలైడు నగరమున స్వాను మున్నగువారు 1943లో సమర్థించినను, 1944లో లండనునందలి లాన్సెటు పత్రిక విషయము ఇంకను రుజువు కాలేదని వ్రాసినది. తట్టుకంటె తేలికయైన జ్వరము, రెండు మూడు దినములలో పోవు దద్దురు, గర్భస్థశిశువు కన్నును చెవిని గుండెను చెరుపుననుట ఆనాటి వైద్యుల ఊహకందనిది. మాయ అను పొర అన్నిటిని అడ్డగించునని వారి విశ్వాసము. సందేహమును తీర్చినది ప్రయోగశాల గాదు, జనాభా లెక్కల పుస్తకము. ఆలివరు లాంకాస్టరు అను గణితజ్ఞుడు ఆస్ట్రేలియా జనగణనలలోని బధిరుల పట్టికలను తిరుగవేసి, 1911 లెక్కలలో 10 నుండి 14 ఏండ్ల వయస్సుగల బధిరులు మిక్కుటముగా నుండుటను, 1921 లెక్కలలో ఆ మిక్కుటము పదేండ్లు పెద్దవారిలోనికి జరుగుటను కనుగొని, వారు పుట్టిన కాలమునకు ముందు రుబెల్లా వ్యాప్తి యుండినదని 1951లో ప్రకటించెను. నలువది ఏండ్లు ప్రభుత్వపు బీరువాలో పడియున్న అంకెలు ఒక వైద్యుని మాటకు సాక్ష్యము చెప్పినవి. పాతపత్రములను దులుపు పరిశోధక విద్యార్థులకు ఇంతకంటె ఉత్సాహకరమైన ఉదాహరణము మేము ఎరుగము.

ఇట మన భాషకు సంబంధించిన విషయము వచ్చుచున్నది. మశూచికి, తట్టుకు, ఆటలమ్మకు, గవదబిళ్ళలకు, కోరింతదగ్గునకు మనకు పేరులున్నవి. రుబెల్లాకు ఇంటిపేరు లేదు. 'జర్మను తట్టు' అని పుస్తకములవారు తర్జుమా చేసిరి. యిండ్లలో దానిని తట్టు అనియో, ఒడలు పేలినదనియో సరిపుచ్చుకొనిరి. వింత యేమనగా, ఆ వ్యాధికి రుబెల్లా అను శాస్త్రనామము పెట్టబడినది భారతదేశపు రోగులను చూచియే. బ్రిటిషు సైన్యమున శస్త్రవైద్యుడైన హెన్రీ వీలు 1866లో ఇచటి వ్యాప్తిని వర్ణించుచు, జర్మను నామము పలుకుటకు కటువుగా నున్నదని ఈ చిన్న పేరును సూచించెను. మన నేలపై నామకరణము పొంది మన యింట పేరులేకుండ తిరిగిన వ్యాధి యిది. పేరు లేనిదానిని నిషేధపు పట్టికలో చేర్చుట యెట్లు? ప్రాణము తీయు వ్యాధికి జనులు పేరు పెట్టుదురు, పూజయు చేయుదురు. రెండు దినములలో పోవు దద్దురునకు ఎవరు పేరు పెట్టుదురు?

దీనికి సరిగా ఎదురు నిలుచు మాట 'గ్రహణమొర్రి'. పెదవి చీలి పుట్టిన శిశువునకు మనవారు పెట్టిన ఈ పేరులోనే కారణము చెప్పబడియున్నది: తల్లి గ్రహణవేళ వెలుపలికి వచ్చినదనియో, కత్తి పట్టినదనియో. ఆ కారణము నిజము గాదు. పెదవి కుదురుకొనుట గర్భమున సుమారు 7 వారములలోపే ముగియును. వంశగుణము, తల్లి పొగత్రాగుట, మూర్ఛకు వాడు కొన్ని మందులు దానిని చెరుపవచ్చును. ఆరవ నెలలో వచ్చిన గ్రహణము ఏనాడో కుదిరిన పెదవిని చీల్చజాలదు. అయినను పేరు తల్లిపై నేరమును మోపి నిలిచినది. ఒకచో లేని కారణమునకు పేరున్నది. మరియొకచో ఉన్న కారణమునకు పేరు లేదు. ఈ రెంటి నడుమ ఎందరు తల్లులు చేయని తప్పునకు నింద మోసిరో ఊహించుకొనవలసినదే.

కాలమును గూర్చి ఇంకొక మాట. రుబెల్లా గర్భారంభమున సోకిన తల్లుల శిశువులలో పదింట తొమ్మిదిమంది వరకు దానివలన చెడుదురు. మాసములు గడచినకొలది అపాయము తగ్గును. మన యిండ్లలో జాగ్రత్తలు మొదలగునది ఎప్పుడు? ఆంధ్రదేశమున విశేషముగా అనుసరింపబడు ఆపస్తంబ గృహ్యసూత్రము సీమంతమును నాలుగవ మాసమున విధించినది. వాడుకలో అది ఐదవ, ఏడవ నెలలకు జరిగినది. మూడవ నెల నిండువరకు గర్భవార్తను బయటపెట్టరాదను ఆచారము గూడ గలదు. కాబట్టి ఇల్లు మేలుకొనునప్పటికి శిశువు కన్ను, గుండె రూపము దాల్చియుండును. చరకుడు శంకతోనే మొదలిడుమనిన మాటను ఆచారము వినియుండినచో, కారణము తెలియకున్నను కాలమైనను సరిపోయెడిది.

ఆస్ట్రేలియాలో గ్రెగ్గు మాట స్థిరపడిన పిదప, వివాహమునకు ముందే ఈ జ్వరము వచ్చిపోవుట మేలని బాలికలను రోగుల యిండ్లకు విందునకు పంపిన కాలమొకటి గడచినది. అంటును కోరి తెచ్చుకొనుట! 1962లో వైరసు పట్టుబడెను. 1964, 65లలో అమెరికాలో వచ్చిన వ్యాప్తివలన సుమారు 20,000 మంది శిశువులు వికలాంగులై పుట్టిరి. 1969లో టీకా వచ్చెను. మనదేశమున విషయము ఆలస్యముగా తెలిసినది. 1996లో ప్రకటితమైన దక్షిణభారత పరిశీలనమొకటి, శుక్లము గల ఏడాదిలోపు శిశువులలో సుమారు నాల్గవవంతుమందికి రుబెల్లాయే కారణమని తేల్చినది. 2017లో తట్టు, రుబెల్లా టీకాను కలిపి 9 నెలలు మొదలు 15 ఏండ్లలోపు పిల్లలందరికి వేయుట ప్రారంభమైనది. ఆ ఏటనే రెండు తెలుగు రాష్ట్రములలోను వేసిరి. గర్భిణికి ఈ టీకా వేయరాదు. ముందే వేయించుకొని కనీసము ఒక నెల ఆగవలెను. అనగా గర్భిణి రక్ష బడిపిల్లల భుజములమీద మొదలగుచున్నది.

ఎంగిలిని గూర్చి కొంచెము చెప్పవలెను. ఎంగిలి విషయమున మనవారు లోకమున మరెవ్వరికంటెను తీసిపోని నిష్ఠ గలవారు. సుశ్రుతుని సహభోజన నిషేధమునకు దగ్గరగా నిలిచిన గృహాచారము ఇదియే. కాని దానికొక మినహాయింపు గలదు: పసిపిల్లల ఎంగిలికి దోషము లేదు. బిడ్డ వదలిన ముద్దను తల్లి తినును, బిడ్డ కొరికిన పండును తాను కొరుకును. 1956, 57లలో ముగ్గురు పరిశోధకులు వేర్వేరుగా పట్టిన సైటోమెగలో వైరసు పసివారి లాలాజలమునను మూత్రమునను మాసముల తరబడి వెలువడుననియు, గర్భిణులకు అది చేరు ముఖ్యమార్గము చిన్నబిడ్డలే యనియు తరువాత తెలిసినది. పుట్టుచెవుడునకు ఇది ప్రధానకారణములలో నొకటి. కోట చుట్టు కందకము త్రవ్వి, ముద్దుబిడ్డ వచ్చు గుమ్మమును తెరచియుంచినట్లైనది. బిడ్డను ఎత్తుకొనరాదని ఎవ్వరును చెప్పరు. ఒకే గరిటె, ఒకే గ్లాసు వలదనియు, తడిగుడ్డలు మార్చిన వెంటనే సబ్బుతో చేతులు కడుగుకొనుమనియు మాత్రమే చెప్పుదురు.

పిల్లిని మనవారు వీధిలో ఎదురైనపుడు మాత్రమే పట్టించుకొనిరి. 1939లో న్యూయార్కున ఒక శిశువు మెదడున కనబడిన టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి పిల్లి మలమున వెలువడునని 1970 ప్రాంతమున గాని తేలలేదు. మలము ఒక దినము దాటిన పిదపనే అది అంటుకొను స్థితికి వచ్చును గనుక, ఇంటిలో వేరొకరు నిత్యము దానిని ఎత్తివేసిన చాలును. సరిగా ఉడుకని మాంసము, కడుగని ఆకుకూర, మట్టిపని దానికి తక్కిన దారులు. చద్దిని గూర్చిన సుశ్రుతుని నిషేధమునకు గూడ కొత్త అర్థము వచ్చినది. 1981లో కెనడాయందు 41 మందికి లిస్టీరియా సోకగా, వారిలో 34 గర్భిణీశిశు సంబంధమైనవి. గొఱ్ఱెల ఎరువు వేసి పండించి, చలికాలమంత శీతలగృహమున దాచిన క్యాబేజీయే కారణము. చలి అన్నిటిని ఆపునను నమ్మకముతో రిఫ్రిజిరేటరు కొన్న మనకు, ఆ చలిలోనే పెరుగు సూక్ష్మజీవి యున్నదని తెలియుట అవసరము. తీసినదానిని పొగలు వచ్చునట్లు కాచుకొనవలెను.

అంటు కాని గృహాపాయములు రెంటిని ప్రస్తావింతుము. ఒకటి పొగ. సూతికాగారమున అగ్ని ఆరరాదని చరకుడు చెప్పినది రక్షార్థము. కట్టెపొగలోని బొగ్గుపులుసు వాయువుకంటె ఘోరమైన కార్బన్ మోనాక్సైడు తల్లి రక్తమున చేరి గర్భమునకు పోవు ప్రాణవాయువును తగ్గించునని నేడెరుగుదుము. 1999లో మన రాష్ట్రమున దీపము పథకము పేద స్త్రీలకు వంటగ్యాసు నిచ్చినది. అయితే ఇచట తొందరపడి నిర్ణయింపరాదు. గ్వాటెమాలా, పెరూ, రువాండా, తమిళనాడులలో 3,200 మంది గర్భిణులతో జరిపి 2022లో ప్రకటించిన పరీక్షలో, గ్యాసుపొయ్యి పొందినవారి శిశువుల సగటు బరువు 20 గ్రాములు మాత్రమే ఎక్కువ. అది లెక్కకు నిలుచు భేదము గాదు. పొయ్యి మారినది గర్భము 9 వారములు దాటిన తరువాతనే యను విషయమును మాత్రము మేము విస్మరింపము. రెండవది పసుపు. బంగ్లాదేశమున గ్రామీణ గర్భిణుల రక్తమున సీసము ఎటనుండి వచ్చుచున్నదని వెదకిన పరిశోధకులు 2019లో పసుపునే పట్టిరి. రంగు కొఱకు లెడ్ క్రోమేటు కలుపుచుండిరి. అధికారులు దాడులు జరుపగా 2021 నాటికి ఆ కల్తీ అచటి అంగళ్ళలో కానరాకపోయినది. మంగళద్రవ్యమని కన్నులకద్దుకొనుదానిని ఎవరు శంకింతురు? మెరుగు పెట్టునపుడు కొమ్ములకే ఆ రంగు పూయుచుండిరి గనుక, కొమ్ము కొని యింట దంచుకొను పాత అలవాటు గూడ ఈ విషయమున రక్షణ కాదు.

వ్యవసాయపదములను 1962లోను, చేనేతపదములను 1971లోను సంపుటములుగా ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశముల మార్గమున, మంత్రసానుల పదజాలమును సేకరింపవలసియున్నది. ఆ వృత్తి ఎరిగిన వృద్ధస్త్రీలు శ్రీకాకుళమునుండి ఆదిలాబాదువరకు ఇంకను కొందరున్నారు. వారిని బొడ్డుకత్తికి, మాయకు, తొలినెలలకు గల పేరులతోపాటు, తట్టు గాని ఆటలమ్మ గాని కాక రెండు దినములలో పోవు సన్నని దద్దురును ఏమని పిలిచిరో అడుగవలెను. ఏ ఒక్క ఊరనైనను దానికి వేరు పేరున్నట్లు తేలినచో, ఆ ఊరివారు గర్భిణిని దానినుండి తప్పించిరా అనునది తదుపరి ప్రశ్న.